హెచ్చరికల నోరు నొక్కిన వారం

మా ఇంట్లో పగలు కుక్కరు కూత పెట్టదు. పప్పు కావాలంటే మందపాటి గిన్నెలో పెట్టి గంటన్నర కాపలా కాయాలి. తలుపుల గొళ్లేలకు పాత బనీను గుడ్డలు చుట్టి ఉంటాయి. కాలింగ్ బెల్లు వైరు నేను ఈ ఇంటికి రాకముందే ఊడదీశారు. మా ఆయన గూడ్సు బళ్లు నడిపే లోకో పైలట్. రాత్రంతా ఇంజన్ మీద ఉండి పొద్దున్నే వచ్చి పడుకున్న మనిషికి నిద్ర చెడితే, ఆ రాత్రి బండి మీద అతని కన్ను మూతపడితే ఏమవుతుందో మా అత్త నాకు పెళ్లయిన మూడో రోజే చెప్పింది. పోయిన మా మావగారూ డ్రైవరే. ఆమె ముప్పయ్యేళ్లు ఆయన నిద్రను కాపాడింది, ఇప్పుడు కొడుకు నిద్రను కాపాడుతోంది. ఆ పద్ధతిని నాకు తాళాల గుత్తి ఇచ్చినట్టు అప్పగించింది.

గేటుకు ఎర్రగుడ్డ కట్టి ఉంటే లోపల డ్రైవరు పడుకున్నాడని వీధి వీధికీ తెలుసు. చేపల మనిషి మా గేటు దాకా కేకలు వేసుకుంటూ వచ్చి, గుడ్డ కనబడగానే గొంతు దించి “దాదా ఘుమోచ్ఛే?” అని బెంగాలీలో అడుగుతాడు, అన్న నిద్రపోతున్నాడా అని. అత్త తల ఊపితే ఇక బేరమంతా వేళ్లతోనే. ఆమె మూడు వేళ్లు చూపిస్తే అతను ఐదు చూపిస్తాడు, ఆమె మొహం తిప్పుకుంటుంది, అతను నెత్తి కొట్టుకుంటాడు. చూసేవాళ్లకు ఇద్దరు మూగవాళ్లు తగువు పడుతున్నారనిపిస్తుంది.

ఇందులో వింత ఏమిటంటే మా రైల్వే క్వార్టరు నిమ్‌పురాలో ఉంది. మా పెరటి గోడ దాటితే గూడ్సు యార్డే. పగలూ రాత్రీ అక్కడ వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూనే ఉంటాయి. ఆ మోతకు కిటికీ అద్దాలు వణుకుతాయి. దాని గురించి ఎవరూ ఒక్క మాట అనరు. నా చేతిలోంచి చెంచా జారితే మాత్రం అత్త కళ్లు ఇంతింత చేసుకుని చూస్తుంది. నేను ఇదే ఊళ్లో తాల్‌బగీచాలో పుట్టి పెరిగిన పిల్లను. మా నాన్నది రైల్వే వర్క్‌షాపు ఉద్యోగం, పొద్దున్న వెళ్లి సాయంత్రం వచ్చేవాడు. మా ఇంట్లో అందరం ఒకేసారి మాట్లాడేవాళ్లం. పైగా నాకు ముక్కు మీద కోపం. అలాంటి దాన్ని ఈ ఇంట్లో కోపం కూడా గుసగుసగా పడటం నేర్చుకున్నాను.

పెళ్లికి ముందు నేను బెంగళూరులో నాలుగేళ్లు పనిచేశాను. చిన్న చిన్న యంత్రాల లోపల బోర్డులుంటాయి కదా, వాటిని నడిపించే ప్రోగ్రాములు రాసేదాన్ని. పెళ్లయ్యాక ఒక ఏడాది ఆగుదామనుకున్నాను. అది పదకొండేళ్లయింది. నన్ను ఎవరూ మానమనలేదు, ఎవరూ చెయ్యమనీ అనలేదు. తర్వాత పుట్టిన మా పాపకు కూడా తలుపు చప్పుడు కాకుండా వెయ్యడం మాటలకంటే ముందే వచ్చింది.

మొన్నటి వానాకాలంలో నాకొక అవకాశం వచ్చింది. ఎక్కడో దక్షిణాదిలో ఒక చిన్న కంపెనీ. బంగాళాదుంపల కోల్డ్ స్టోరేజీల్లో చలి ఎంతుందో కొలిచి, యజమాని ఫోనుకు కబురు పంపే పెట్టెలు తయారు చేస్తారు. మా జిల్లాలో అలాంటి కోల్డ్ స్టోరేజీలు అడుగడుక్కీ ఉన్నాయి కాబట్టి ఆ పని నాకు ఇంటి పనిలాగే అనిపించింది. ఆ పెట్టెలో బిస్కట్టంత బోర్డు, బోర్డులో ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్, దానికి తోడుగా ఇంటర్నెట్‌తో మాట్లాడించే నెట్‌వర్కు లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడు కట్ట, ఉంటాయి. ఆ లైబ్రరీకి కొత్త వెర్షన్ వచ్చింది. దాన్ని వాళ్ల బోర్డుకు సరిపోయేట్టు కంపైల్ చెయ్యాలి, అంటే బోర్డుకు అర్థమయ్యే రూపంలోకి మార్చాలి. ఆ తర్వాత బోర్డు బయటివాళ్లతో మాట్లాడుతోందని చూపించాలి. గడువు ఒక్క వారం.

టీమ్ లీడ్ నాకంటే చాలా చిన్నది. ఫోనులో హిందీలో దాపరికం లేకుండా చెప్పింది. పదకొండేళ్ల ఖాళీ పెద్ద ఖాళీ, అందుకని చూడాలి అంది. శనివారానికి అయితే ఇంటి నుంచే పూర్తి ఉద్యోగం, కాకపోతే బోర్డు కొరియర్లో వెనక్కి పంపెయ్యాలి. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆమె చోట నేనున్నా అదే అనేదాన్ని.

ఆ పని నాకు కావాలి. ఆకలేసినవాడికి అన్నం కావాలన్నట్టు కావాలి. కానీ మా ఆయనతో మాత్రం ఏదో చిన్న పని వచ్చింది, చూస్తున్నాను అన్నాను. ఓడిపోతే ఎవరికీ తెలియకూడదని నా ఎత్తు.

సోమవారం వంటింటి మూలలో మడత బల్ల వేసుకుని కూర్చున్నాను. ముందుగా లాప్‌టాప్ చప్పుడు తీసేశాను, అది ఈ ఇంటి మొదటి నియమం. తర్వాత పెన్‌డ్రైవులోంచి నా పాత ఫైలొకటి తీశాను. బెంగళూరు రోజుల్లో ప్రతి కొత్త పనికీ నేను మొదట పెట్టే సెట్టింగుల ఫైలు అది. నేనే రాసుకున్నాను. పదకొండేళ్లుగా పెళ్లి ఫొటోల కంటే జాగ్రత్తగా దాచుకున్నాను. అందులో నాకు తెలిసిన చిట్కాలన్నీ ఉన్నాయి. దాన్ని ఈ కొత్త పనిలో చేర్చగానే నేను మళ్లీ ఇంజనీరునైపోయినట్టు అనిపించింది. చాలా సంతోషపడ్డాను.

కంపైల్ మొదలుపెట్టగానే తెర నిండా వార్నింగులు వచ్చి పడ్డాయి. ఎర్రర్ వస్తే పని ఆగిపోయినట్టు. వార్నింగ్ వస్తే పని ఆగలేదు కానీ ఇక్కడేదో తేడాగా ఉంది, ఒకసారి చూసుకో అని కంపైలర్, అంటే కంపైల్ చేసే ప్రోగ్రాము, మనకు చెప్పినట్టు. అందులో ఎక్కువ భాగం ఎవరెవరో రాసిన కోడు గురించే. చదవబోతే చదవనివ్వకుండా పైకి పరుగెడుతున్నాయి. ఈ వాగుడేమిటి అని విసుగొచ్చింది. సెట్టింగులో రెండక్షరాలు చేరిస్తే కంపైలర్ వార్నింగులన్నీ మింగేసి ఊరుకుంటుంది. చేర్చాను. తెర ప్రశాంతంగా అయిపోయింది. నాకు ప్రాణం హాయిగా ఉంది. ఆ పని చేసేటప్పుడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

మంగళవారం అసలు కష్టం మొదలైంది. ఫైళ్లన్నీ విడివిడిగా కంపైల్ అవుతున్నాయి. చివర్లో వాటన్నిటినీ ఒకచోట కలిపే దగ్గర పద్దెనిమిది ఎర్రర్లు. అన్నిటిదీ ఒకే పాట, ఫలానా ఫంక్షన్, అంటే ఫలానా పని చేసే కోడు ముక్క, కావాలన్నారు, నాకెక్కడా దొరకలేదు అని. ఫంక్షన్లు లైబ్రరీలో ఉన్నాయని నా కళ్లతో నేను చూస్తున్నాను. ఫైలు తెరిస్తే అక్కడే ఉన్నాయి. ఇది మాత్రం లేవంటోంది. ఎదురుగా కూర్చున్న మనిషి నేను లేనన్నట్టు ఉంది దాని వరస.

ఫైళ్లు ఎక్కడున్నాయో చెప్పే దారులు సరిచేశాను. ఫైళ్లు మళ్లీ దించుకున్నాను. అంతా తుడిచేసి మొదట్నుంచి చేశాను. ఒక ఫంక్షన్ కోసం కొత్త ఫైలు చేరిస్తే ఆ ఫైలుకు మరో మూడు కావాలంది. బుధవారం మధ్యాహ్నానికి పద్దెనిమిది కాస్తా నలభై దాటాయి. ఇంటర్నెట్‌లో వెతికితే సరిగ్గా ఇదే బాధ పడ్డ మనిషి ఒకడు దొరికాడు. రెండు పేజీల గోడు వెళ్లబోసుకుని, మర్నాడు “సరిపోయింది, థాంక్స్” అని రాసి వెళ్లిపోయాడు. ఎలా సరిపోయిందో రాయలేదు. ఆ మనిషి కనబడితే చెంప వాయించేదాన్ని.

ఆ రోజే పప్పు మాడింది. అత్త గిన్నె నా ముందు పెట్టి, ఆ పెట్టి ముందల కూకుంటే పప్పుడుకుతాదా అని గుసగుసగా అడిగింది. నేను అంతకంటే గుసగుసగా, మీరు చూడొచ్చు కదా అన్నాను. అలా పది నిమిషాలు తగువు పడ్డాం. చేతులు ఊగిపోతున్నాయి, మొహాలు ఎర్రబడ్డాయి, గొంతులు మాత్రం పైకి లేవలేదు. బడి నుంచి వచ్చిన పాప గుమ్మంలో నిలబడి చూసి, మేమేదో ఆట ఆడుకుంటున్నామని నవ్వుకుంటూ లోపలికి పోయింది.

గురువారం సాయంత్రం లీడ్‌కు ఉత్తరం టైపు చేశాను. నా వల్ల కాలేదు, బోర్డు వెనక్కి పంపిస్తాను, అవకాశం ఇచ్చినందుకు ధన్యవాదాలు అని. పంపకుండా దాచిపెట్టి స్నానాల గదిలోకి వెళ్లి ఏడ్చాను. ఏడవడానికి కూడా ముందు కుళాయి విప్పుకున్నాను. పదకొండేళ్ల కిందట నాకు తెలిసిన విద్య అంతా నన్ను వదిలేసి పోయిందని, ఇక తిరిగి రాదని గట్టిగా అనిపించింది. అంత భయం నేను ప్రసవానికి వెళ్లినప్పుడు కూడా పడలేదు.

శుక్రవారం పొద్దున్న ఏడింటికి మా ఆయన డ్యూటీ దిగి వచ్చాడు. తిని పడుకున్నాడు. అత్త గేటుకు గుడ్డ కట్టింది. మధ్యాహ్నం మూడు కావొస్తుండగా నేను నీళ్ల కోసం లేవబోతే మోచెయ్యి తగిలి బల్ల మీది గిన్నె కింద పడింది. పడి ఊరుకోలేదు, దొర్లుకుంటూ పోయి గోడకు తగిలి, అక్కడ గిర్రున తిరిగి తిరిగి ఆగింది. అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కొయ్యబారిపోయింది. నేనూ అలాగే నిలబడిపోయాను. నిమిషం తర్వాత గది తలుపు తెరుచుకుంది. ఆయన లుంగీ సర్దుకుంటూ వచ్చి టీ కావాలన్నాడు.

లేపేశాను, తప్పయిపోయింది అన్నాను.

“గిన్నె పడ్డాదని లెగలేదు నాను,” అన్నాడు ఆయన. “గిన్నె పడ్డాక మీరిద్దరూ ఊపిరి బిగబట్టేస్తారు సూడు, అప్పుడు తెలివొచ్చేస్తాది.”

అత్త నమ్మలేదు. పెళ్లాన్ని వెనకేసుకొస్తున్నావని గొణిగింది. ఆయన నవ్వి, డ్యూటీ మీద వేరే ఊళ్లో, డ్రైవర్లు విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూమ్‌లో ఎలా పడుకుంటాడో చెప్పాడు. ఒకే గదిలో నలుగురు డ్రైవర్లు, ఒకడు దిగుతాడు, ఒకడు ఎక్కుతాడు, బయట ఇంజన్లు కూత పెడతాయి, ఎవడో ఫోనులో పెళ్లాంతో దెబ్బలాడతాడు. అక్కడ తలగడ మీద తల పెట్టగానే నిద్ర పడుతుందట. ఇంట్లో మాత్రం మేం మునివేళ్ల మీద నడుస్తుంటే, ఎవరికేమైందో అని వింటూ పడుకుంటాడట. ఇన్నేళ్లుగా వింటూ పడుకుంటున్నాడు. అమ్మ కష్టపడి చేస్తున్నది కదా, ఎలా కాదంటానని ఊరుకున్నాడు.

నా మొహం చూసి ఏమైందని అడిగాడు. ఏమీ లేదనే మాట నాలుక మీదికి వచ్చేసింది. అది ఈ ఇంట్లో నాకు బాగా అలవాటైన మాట. ఆ రోజు ఎందుకో నోరు దాటలేదు.

“ఇది సిన్న పని కాదు,” అన్నాను. “రేపటికి అవ్వకపోతే నన్ను ఒద్దంటారు. ఈ పని పోతే నాను తట్టుకోలేను.”

ఆయన టీ గ్లాసు అందుకున్నాడు. నాకెందుకు చెప్పలేదని అడిగాడు. మీరు పడుకున్నారు కదా అన్నాను.

“పదకొండేళ్లూ పడుకునే ఉన్నానేటి?”

అత్త గిన్నె తీసి తుడిచిందే తుడుస్తోంది. ఆయన స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుని, ఇంతకీ అదేమంటోందని అడిగాడు. కంప్యూటర్ల గురించి ఆయనకు ఏమీ తెలియదు. తెలియదని దాచుకోడు కూడా. కావలసినవి దొరకలేదంటోంది, ఉన్నవాటిని లేవంటోంది అని చెప్పాను. అంతకు ముందు ఏటీ సెప్పలేదా అని అడిగాడు.

“సెప్పింది. ఊరికే వాగతాందని నానే నోరు మూయించినాను.”

ఆయన గ్లాసు కింద పెట్టాడు. ఇంజన్ మీద ఎలా ఉంటుందో నాకు చెప్పాడు. పదకొండేళ్ల కాపురంలో నేనెప్పుడూ వినని సంగతి అది. డ్రైవరూ అసిస్టెంటూ ఇద్దరూ పక్కపక్కనే ఉంటారు, ఎదురుగా సిగ్నల్ ఇద్దరికీ కనబడుతూనే ఉంటుంది. అయినా అసిస్టెంటు చెయ్యి చాపి దాని రంగేమిటో పైకి చెప్పాలి, డ్రైవరు అదే మాట తిరిగి అనాలి. ప్రతి సిగ్నల్‌కూ అంతే, రాత్రంతా అంతే. వినీ వినీ విసుగొచ్చినా ఆపమనడానికి లేదు. అసిస్టెంటు ఒక సిగ్నల్‌కు నోరెత్తకపోతే ఈయన ముందు వాడి మొహం చూస్తాడట.

“పక్కోడు సెప్పకండా కూకున్నాడంటే అంతా బాగున్నట్టు కాదు,” అన్నాడు.

మొదట నాకు మండింది. బండి నడిపే మనిషి వచ్చి నాకు నా విద్య నేర్పుతాడా అనిపించింది. ఆ మంట సగంలోనే ఆరిపోయి చెవులు వేడెక్కాయి. బెంగళూరులో ఉన్నప్పుడు నేను కొత్తవాళ్లకు చెప్పే మొదటి పాఠమే వార్నింగులు ఆపొద్దని. ఇప్పుడు అలా ఆపమని నాతో ఎవరూ అనలేదు. అత్త అనలేదు, కంపెనీ అనలేదు. తలుపు గొళ్లెం చప్పుడు చేస్తే గుడ్డ చుట్టినట్టు, బెల్లు మోగితే వైరు పీకినట్టు, కంపైలర్ మాట్లాడితే నోరు నొక్కేశాను. చెయ్యి దానంతట అదే వెళ్లింది. నా విద్య నన్ను వదిలి పోలేదు, దాన్ని కూడా మునివేళ్ల మీద నడిపించాను.

ఆ రెండక్షరాలు తీసేసి మళ్లీ మొదట్నుంచి కంపైల్ చేశాను. తొమ్మిది వందల పైచిలుకు వార్నింగులు. వాటన్నిటినీ ఒక ఫైలులోకి మళ్లించి పై నుంచి మొదలుపెట్టాం. ఆయన ఫైలు పేరూ లైను నంబరూ పైకి చదువుతాడు. నేను తిరిగి అని ఆ లైను తెరిచి చూస్తాను. ఆయన చదువుతున్నది డ్యూటీ గొంతుతో, ఇంజన్ మోత మీద వినబడే గొంతుతో. ఈ ఇంట్లో మధ్యాహ్నం పూట అంత గొంతు నేను వినడం అదే మొదటిసారి. అత్త కాసేపు చూసి చూసి, గేటు దగ్గరికి పోయి గుడ్డ విప్పేసి వచ్చింది.

గంట గడిచాక ఆయన ఆగాడు. ఇది ఇందాక చదివాను కదా, మళ్లీ వచ్చిందేమిటన్నాడు. ఆయనకు అర్థం తెలియకపోయినా వరస గుర్తుంది. రాత్రంతా సిగ్నళ్లు వరస తప్పకుండా చదివే మనిషి కదా. పైకి పోయి చూస్తే నిజమే, ఒకే వార్నింగ్ దాదాపు ప్రతి ఫైలుకూ వచ్చింది. మీరు ఈ సంగతి ముందే ఒకలా చెప్పారు, ఇప్పుడు మరోలా మారుస్తున్నారు, చూసుకోండి అని.

చెప్పింది రెండు చోట్ల. కంపెనీ వాళ్ల సెట్టింగులో ఈ బోర్డులో ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది అని ఉంది. దాని తర్వాత వచ్చే మరో ఫైలులో లేదు అని ఉంది. రెండు మాటలు వచ్చినప్పుడు కంపైలర్ తర్వాతి మాటే పట్టుకుంటుంది. అంచేత ఆపరేటింగ్ సిస్టమ్ లేదనుకుని, దానితో పనిచేసే ఫంక్షన్లన్నీ వదిలేసి లైబ్రరీని కంపైల్ చేసింది. మిగతా ప్రోగ్రామేమో ఆ ఫంక్షన్ల కోసం వెతుక్కుంటోంది. కాగితం మీద ఉన్నవి కంపైల్ అయినదాంట్లో లేవు. వాటిని చెయ్యొద్దన్న మాట ఆ రెండో ఫైలుది.

ఆ రెండో ఫైలు నాది. పదకొండేళ్లు దాచుకున్నది. అప్పట్లో నేను పనిచేసిన చిన్న బోర్డుల్లో ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది కాదు, అందుకని లేదు అని నా చేత్తోనే రాసుకున్నాను. ఇదెవరు రాశారని మా ఆయన అడిగాడు. నేనే అన్నాను. అని నవ్వాను, నవ్వుతుంటే కళ్లలో నీళ్లు వచ్చాయి. నేను ఇంజనీరునని సాక్ష్యంగా తెచ్చిపెట్టుకున్నదే నాలుగు రోజులు నా కాళ్లకు అడ్డం పడింది.

ఆ ఫైలు తీసేశాను. అంతా తుడిచి మళ్లీ కంపైల్ చేస్తే మూడు నిమిషాలు పట్టింది. వార్నింగులు వచ్చాయి, ఈసారి ఒక్కొక్కటీ పోతుంటే కళ్లార్పకుండా చూశాను. చివర్లో ఎర్రర్లు లేవు. బోర్డులోకి ఎక్కించి, కేబుల్ తగిలించి, లాప్‌టాప్ నుంచి ఉన్నావా అని అడిగాను. ఉన్నానంది. మళ్లీ అడిగాను. మళ్లీ ఉన్నానంది. నేను ఒక్క కేక పెట్టాను. పక్క క్వార్టరు దీదీ గోడ మీంచి తల పెట్టి ఎవరికేమైందని కంగారుగా అడిగింది. మా ఆయన నా బదులు ఆమెకు ఏమీ కాలేదు, పని అయిందని బెంగాలీలో చెప్పాడు. అప్పటికింకా పొద్దు కూకలేదు.

రిపోర్టు రాయడం దగ్గర మాత్రం చెయ్యి ఆడలేదు. రెండు సెట్టింగు ఫైళ్లు ఒకదానికొకటి అడ్డం పడ్డాయి, సరిచేశాను అని రాస్తే సరిపోతుంది. అబద్ధమేమీ కాదు. ఆ రెండో ఫైలు ఎక్కడిదని ఎవరూ అడగరు. పదకొండేళ్ల ఖాళీ ఉన్న మనిషి ఈ తప్పు తనదని చెప్పుకుంటే, ఖాళీ అలాగే ఉందని వాళ్లనుకోవచ్చు. అరగంట కూర్చున్నాను. తర్వాత ఉన్నదున్నట్టు రాశాను. ఆ ఫైలు నాది, వార్నింగులు ఆపింది నేను, అందుకే శుక్రవారం దాకా పట్టింది అని. పంపేసి లాప్‌టాప్ మూశాను.

శనివారం పదకొండింటికి లీడ్ ఫోన్ చేసింది. రిపోర్టు చదివానంది. ఇప్పుడు ఎన్ని వార్నింగులున్నాయని అడిగింది. ఎనిమిది వందల పైన, అందులో మనం రాసిన కోడులోవి నలభై ఒకటి అన్నాను. లెక్కపెట్టే ఉంచాను. అయితే సోమవారం నుంచి ఆ నలభై ఒకటి తీసెయ్యడం మీ మొదటి పని, ఇంకెప్పుడూ వాటిని ఆపకండి అంది. సోమవారం నుంచి అంటే అని నేను నీళ్లు నమిలాను. ఉద్యోగం కాగితం సాయంత్రానికి మెయిల్లో వస్తుందని చెప్పి, ఎవరో పిలుస్తున్నారని ఫోన్ పెట్టేసింది. మెచ్చుకోలేదు. ఆ మెచ్చుకోకపోవడం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను, పని తెలిసినవాళ్లతో మాట్లాడే తీరు అదే. దాచిపెట్టిన ఆ ఉత్తరాన్ని వెతికి చెరిపేశాను.

ఇప్పుడు రోజూ పదకొండింటికి మాకు మీటింగు ఉంటుంది. కొత్తలో ఆయన పడుకుని ఉంటే ఫోను పట్టుకుని పెరట్లోకి పోయేదాన్ని. అక్కడ వ్యాగన్ల మోతలో నా మాట వాళ్లకు వినబడేది కాదు, వాళ్ల మాట నాకు వినబడేది కాదు. ఒకరోజు డ్యూటీ దిగడం ఆలస్యమై, పడుకోబోతూ ఆయన అది చూసి, ఇక్కడే మాటాడు, నాను పడుకుంటాను అన్నాడు.

ఆ రోజు వంటింటి బల్ల దగ్గరే కూర్చున్నాను. అలవాటు కొద్దీ గుసగుసగా మొదలుపెట్టాను. మీ మాట వినబడటం లేదు, గట్టిగా చెప్పండి అంది లీడ్. అత్త ఉల్లిపాయలు తరుగుతున్నదల్లా కత్తి ఆపి నా వైపు చూసింది. నేను గొంతు సవరించుకుని చెప్పాను. నా భాగంలో ఒక తప్పుంది, ఇంకా దొరకలేదు, సాయంత్రానికి ఎక్కడిదాకా వచ్చానో చెబుతాను అని. ఆరుగురు విన్నారు. ఎవరూ ఏమీ అనుకోలేదు, సరే అని తర్వాతి మనిషిని అడిగారు. ఇంత చిన్న మాట చెప్పలేక నేను ఆ వారం కుళాయి విప్పుకుని ఏడ్చాను కదా అనుకున్నాను.

మీటింగు అయ్యేసరికి అత్త వంటింట్లో లేదు. చూస్తే కొడుకు గది గుమ్మంలో నిలబడి ఉంది. లోపల ఆయన వెల్లకిలా పడుకుని, నోరు తెరుచుకుని గుర్రు పెడుతున్నాడు. నేను వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను.

“మీ మావ కూడా ఇలగే పడుకునేవోడేమో,” అంది. “సప్పుడైతే నిద్దర పట్టదా అని ముప్పయ్యేళ్లు నాను ఒక్కపాలైనా అడగలేదు. అడిగితే సెప్పేవోడు.”

ఆ మాట ఆమె గట్టిగానే అంది. ఆయన పక్కకు ఒత్తిగిలి మళ్లీ నిద్రపోయాడు.